మెస్సు నీళ్లు ఏ కాలవలోకి?

ప్రశ్న: సార్, నమస్కారం. మాది విజయనగరం. నేనూ మా ఆయనా పదకొండేళ్లుగా మెస్సు నడుపుతున్నాం. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం నూట యాభై భోజనాల దాకా పోతాయి. వంటింటి నీళ్లు నాలుగంగుళాల పైపులోంచి రోడ్డు పక్క మున్సిపల్ కాలవలో పడతాయి. మొన్నటి వానకి కాలవ పొంగి ఎదురింటి గుమ్మం దాకా నీళ్లొచ్చాయి. మర్నాడే శానిటరీ ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, వ్యర్థాలు కాలవలో వదులుతున్నందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని నోటీసు ఇచ్చారు. మా పక్కనే బైకులు కడిగే షెడ్డు ఉంది, వాళ్లకి ఏ నోటీసూ లేదు. మేం నెలకోసారి యాసిడ్ పోసి పైపు శుభ్రం చేస్తూనే ఉన్నాం. తెలిసినాయన ఒకరు "బీఓడీ 350 దాకా వదలొచ్చని గవర్నమెంటే రాసింది, భయపడకండి" అన్నారు. నిజమేనా? పై అంతస్తులో మా తమ్ముడు రక్త పరీక్షల ల్యాబు పెడతానంటున్నాడు. ఇప్పుడు అది కూడా పెట్టుకోవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అమ్మా, ఆ 350 అనే అంకె అబద్ధం కాదు. కాకపోతే అది మీ గుమ్మం ముందున్న కాలవ గురించి రాసింది కాదు. దాన్ని పట్టుకుని సంజాయిషీ రాస్తే మీ కేసు మీరే పాడుచేసుకున్నట్టు అవుతుంది. అందుకే ముందు ఆ ముడి విప్పుతాను.

1986 నాటి పర్యావరణ పరిరక్షణ నిబంధనల చివర ఆరో షెడ్యూలు ఉంటుంది. వాడిన నీళ్లు బయటికి వదిలేటప్పుడు అందులో ఏది ఎంత ఉండొచ్చో చెప్పే పట్టిక అది. దానికి నాలుగు గడులు. నీళ్లు నదిలోకో చెరువులోకో వెళ్తే ఒక లెక్క, పబ్లిక్ సీవర్‌లోకి వెళ్తే ఒక లెక్క, పొలానికి పారిస్తే ఒకటి, సముద్రంలోకి వదిలితే ఇంకొకటి. మీకు చెప్పినాయన రెండో గడి చదివారు. అక్కడ బీఓడీ, అంటే నీళ్లలో కుళ్లే మురికి కొలత, లీటరుకి 350 మిల్లీగ్రాములు, నీళ్లలో తేలాడే నలుసులు 600, నూనె, గ్రీజు 20. పక్కనే ఉన్న మొదటి గడి చదివుంటే అవే వరసగా 30, 100, 10 అని కనిపించేవి.

ఒకే నీళ్లకి ఒక చోట 350, ఇంకో చోట 30 ఎందుకు? సీవర్ అంటే భూమిలోపల మూసిన గొట్టం. దాని చివర శుద్ధి కేంద్రం ఉంటుంది, అక్కడ సూక్ష్మజీవులు ఆ మురికిని తిని నీళ్లని తేట చేస్తాయి. మిగతా పని అక్కడ జరుగుతుంది కాబట్టి గుమ్మం దగ్గర కొంచెం చూసీచూడనట్టు వదిలారు. చివర ఆ శుద్ధి కేంద్రం లేకపోతే ఆ మినహాయింపుకి అర్థమే లేదు.

మీరు రాసినదాన్ని బట్టి మీది వాన నీళ్లు కూడా పారే కాలవ. వానకి పొంగిందంటేనే తెలుస్తోంది. మన ఉత్తరాంధ్ర ఊళ్లలో ఇలాంటి కాలవలు చాలావరకు ఊరు దాటి ఏదో గెడ్డలో, అంటే వాగులో, కలుస్తాయి, ఆ గెడ్డ ఏ చెరువులోనో ఏటిలోనో కలుస్తుంది. నాగావళి, చంపావతి ఇసుకలో ఊటబావులు తవ్వి మళ్లీ మనమే ఆ నీళ్లు తోడుకుంటాం. నా మాట మీద నమ్మకం లేకపోతే ఒక ఆదివారం పొద్దున స్కూటీ తీసుకుని కాలవ వెంట వెళ్లి చూడండి. మీ ఇంటి ముందు నుంచి ఎక్కడ మలుపు తిరిగింది, ఎక్కడ కల్వర్టు కిందకి దూరింది, ఎక్కడ తేలింది అని. నేను మున్సిపల్ పనుల్లో ఉన్న రోజుల్లో కొత్తగా చేరిన కుర్రాళ్లకి మొదట చేయించిన పని ఇదే. ప్లాన్ల మీద గీసిన బాణం గుర్తు ఒక వైపు ఉంటుంది, నీళ్లు ఇంకో వైపు పారుతుంటాయి. ఆ తర్వాత మీ వార్డు ఇంజనీరింగ్ సెక్షన్‌లో ఒకే ప్రశ్న అడగండి: "ఈ కాలవ చివర శుద్ధి కేంద్రం ఉందా?" లేదని చెబితే మీరు చూసుకోవాల్సింది 30 ఉన్న గడి.

బీఓడీ అంటే భయపడే మాటేం కాదు. నీళ్లలో కుళ్లే పదార్థాన్ని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ప్రాణవాయువు వాడుకుంటాయో కొలిచే లెక్క. ల్యాబులో ఆ నీళ్లని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి కొలుస్తారు. మామూలు ఇంటి మురుగు రెండు మూడు వందల చుట్టూ ఉంటుంది. అన్నం వార్చిన గంజి అలా కాదు, వేలల్లో ఉంటుంది. చేత్తో పట్టుకుంటే తెల్లగా, మెత్తగా, ఏ పాపమూ ఎరగనట్టు ఉంటుంది గానీ, కాలవలో పడ్డాక చేసే చెరుపు మరుగుదొడ్డి నీళ్ల కన్నా ఎక్కువ. మన జిల్లాల్లో ఉప్పుడు బియ్యం మిల్లు దగ్గరికి వెళ్లినవాళ్లకి ఆ నానబెట్టిన నీళ్ల వాసన ఇప్పుడు గుర్తొస్తుంది. నూట యాభై భోజనాల గంజి రోజూ కాలవలో పోస్తున్నారంటే మీ పైపు ఒక్కటే ఒక చిన్న వీధి మురుగుతో సమానం.

దీనికి మందు మన అమ్మమ్మల దగ్గరే ఉంది. కుడితి తొట్టి. గంజి, బియ్యం కడుగు, పప్పు కడిగిన నీళ్లు, కూరగాయల తొక్కలు అన్నీ ఒక మూత ఉన్న డ్రమ్ములోకి పోయించండి. పొద్దున పాలు పోసే ఆయనకి చెబితే తన గేదెలకి తనే వచ్చి పట్టుకెళ్తాడు, కొంతమంది అయితే డ్రమ్ము కూడా తెస్తారు. ఒక్క షరతు: అందులో సబ్బు నీళ్లు పడకూడదు, ప్లాస్టిక్ కవరు పడకూడదు, పుల్లబడ్డ సాంబారు పడకూడదు. పాత్రలు తోమే అమ్మాయికి ఇది మీరే రెండు మూడు సార్లు నిలబడి చూపించాలి. ఎంగిలాకులు, మిగిలిన అన్నం తడిచెత్త బండికి ఇవ్వండి. చెత్తని కాలవలో వేయకూడదని ఘన వ్యర్థాల నిబంధనలు తిన్నగానే చెబుతున్నాయి, అందులో వాదించడానికి ఏమీ లేదు.

ఇప్పుడు నూనె. మీ నోటీసుకి అసలు కారణం ఇదేనని నా అనుమానం.

శ్రీకాకుళంలో ఒకసారి హోటళ్లున్న వీధిలో కాలవ పలకలు ఎత్తించాం. పైన నీళ్లు కదలడం లేదు. కింద చూస్తే కాలవ గోడకి రెండు వైపులా తెల్లగా, గట్టిగా, బట్టల సబ్బు బిళ్లలాంటిది పేరుకుని ఉంది. మధ్యలో చెయ్యి పట్టేంత సందు మాత్రం మిగిలింది. మా మనిషి గునపంతో పొడిస్తే ముక్కలుగా ఊడి వచ్చింది. ఆ ముక్కలో ఒక ప్లాస్టిక్ స్పూను, కొన్ని కరివేపాకు రెబ్బలు చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి. నూనె వేడినీళ్లతో, సబ్బుతో కలిసి మీ పైపులోంచి సాఫీగానే జారిపోతుంది. పది గజాలు పోయి చల్లారాక గోడకి అంటుకుంటుంది. సిమెంటులోని సున్నంతో కలిసి నిజంగానే సబ్బులా గట్టిపడుతుంది. అందుకే "మా పైపు క్లీన్‌గానే ఉంది సార్" అనే మాట నేను ఎప్పుడూ నమ్మను. పైపు క్లీన్‌గా ఉంటే ఆ నూనె ఎదురింటి ముందు ఉందన్నమాట.

లెక్క చూడండి. లీటరు నూనె బరువు సుమారు 920 గ్రాములు. దాన్ని సీవర్ గడిలో ఉన్న 20 మిల్లీగ్రాముల పరిమితికి తేవాలన్నా 46,000 లీటర్ల నీళ్లు కలపాలి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు తొమ్మిది తెప్పించినా ఇంకా వెయ్యి లీటర్లు చాలవు. కాబట్టి "నీళ్లు ఎక్కువ కొట్టి వదిలేస్తాం" అనేది పరిష్కారం కాదు, పైగా ఎండాకాలంలో మన ఊళ్లో అన్ని నీళ్లు ఎవరిస్తారు?

మూకుడులో మిగిలిన నూనెని చల్లారనిచ్చి, వడకట్టి, ఖాళీ నూనె డబ్బాల్లోనే పోసి ఉంచండి. నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్లు (పదేపదే కాచినప్పుడు నూనె చెడి పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే ఇక వంటకి వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2018 జులై నుంచి నిబంధన అమలు చేస్తోంది. అలాంటి నూనె కొని బయోడీజిల్ తయారీకి పంపేవాళ్లు ఉన్నారు. మీ ఫుడ్ సేఫ్టీ అధికారిని అడిగితే అనుమతి ఉన్నవాళ్లెవరో చెబుతారు. ఒక్క మాట చెప్పాలి, కోపం తెచ్చుకోకండి: సాయంత్రం బజ్జీల బండికి చవగ్గా అమ్మేయడం కొందరికి అలవాటు. మీరు అలా చేస్తున్నారని అనను. చేస్తుంటే మానేయండి.

పాత్రలకి అంటిన నూనె మాత్రం ఎలాగూ నీళ్లలోకి వస్తుంది. దానికి గ్రీజు ట్రాప్ కట్టించాలి. పేరు పెద్దది గానీ ఒక తాపీ మేస్త్రి రెండు రోజుల్లో కట్టే ఇటుక తొట్టి. నూనె నీళ్ల మీద తేలుతుంది, మెతుకులు అడుగుకి దిగుతాయి, రెంటికీ మధ్య ఉన్న నీళ్లని బయటికి పంపాలి. యంత్రం ఇంతే. మీ మెస్సులో భోజనాలయ్యాక రెండు గంటల్లో వెయ్యి లీటర్లు వాడతారనుకుందాం. నీళ్లు కనీసం అరగంట నిలబడాలి, అంటే 250 లీటర్లు. పండగలకి, పెళ్లి ఆర్డర్లకి కూడా సరిపోవాలి కాబట్టి 500 లీటర్లకి కట్టించండి. మధ్యలో ఒక అడ్డుగోడ, కింద అరడుగు ఖాళీ వదిలి. బయటికి పోయే పైపుకి లోపలి వైపున ఒక టీ (T ఆకారపు పైపు ముక్క) పెట్టి, దాని కింది కొసని నీళ్ల లోపలికి దింపాలి. మేస్త్రీలు ఈ టీని మర్చిపోతారు, లేదా ఉత్త ఎల్బో (వంపు ముక్క) పైకి తిప్పి పెడతారు. అప్పుడు పైన తేలిన నూనే ముందు పోతుంది, మీరు పెట్టిన డబ్బు దండగ. సింకు రంధ్రాలకి స్టీలు జాలీలు వేయించండి. మరిగే నీళ్లు తొట్టిలోకి పోయకండి, పేరుకున్న నూనె మళ్లీ కరిగి దాటిపోతుంది. వారానికి రెండు సార్లు పైన తేలిందాన్ని తీయాలి. దాన్ని తీసి మళ్లీ కాలవలోనే పారబోసినవాళ్లని కూడా చూశాను.

యాసిడ్ సంగతికి వస్తాను. అది ఈ రోజు నుంచి ఆపేయండి. పట్టికలో పీహెచ్ 5.5 నుంచి 9 మధ్య ఉండాలి, ఇది నాలుగు గడుల్లోనూ ఒకటే. మీరు పోసే యాసిడ్ పీహెచ్ ఒకటి చుట్టూ ఉంటుంది. అది నూనెని కరిగించదు, సిమెంటుని కరిగిస్తుంది. అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి. కాలవ అడుగున నల్లటి బురద ఉంటుంది కదా, అందులో సల్ఫైడ్ ఉంటుంది. దాని మీద యాసిడ్ పడితే కుళ్లిన గుడ్డు వాసన వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు లేస్తుంది. అది కాస్త ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన కూడా తెలియదు, మనిషి వాసన పోయిందనుకుంటాడు. ఇక కాలవ గట్టున మున్సిపాలిటీ వాళ్లు బ్లీచింగ్ చల్లి వెళ్తారు. దాంతో మీ యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మీరు షట్టరు వేసుకుని ఇంట్లోకి వెళ్లిపోతారు, మర్నాడు ఐదింటికి పార పట్టుకుని ఆ కాలవ మీద వంగేది పారిశుద్ధ్య కార్మికుడు.

ఆ మాట వచ్చింది కాబట్టి ఇదీ వినండి. పైపు మూసుకుపోయినా, మీ సెప్టిక్ ట్యాంకు నిండినా రోజు కూలీకి మనిషిని పిలిచి లోపలికి దింపకండి. పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం సీవర్‌లోకి గానీ సెప్టిక్ ట్యాంకులోకి గానీ రక్షణ లేకుండా మనిషిని దింపి శుభ్రం చేయించినవాళ్లకి మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ప్రాణం పోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ట్యాంకరు వచ్చి పంపుతో లాగాలి, ఆ ట్యాంకరు కూడా తీసింది గెడ్డలో వదలకుండా చూడాలి. మీ సెప్టిక్ ట్యాంకు నుంచి బయటికి వచ్చే పైపు నేరుగా కాలవలో పెట్టారేమో కూడా ఓసారి చూసుకోండి. మన ఊళ్లలో ఇల్లు కట్టేటప్పుడు సోక్ పిట్ (ఇంకుడు గుంత) ఖర్చు మిగుల్చుకోవడానికి చాలామంది చేసే పని ఇది. నోటీసు ఇచ్చినవాళ్లు రెండోసారి వస్తే మొదట చూసేది ఆ పైపే.

పక్క షెడ్డు. వాళ్లకి నోటీసు రాలేదన్నది మీ సంజాయిషీలో రాయకండి, అది మీకు ఉపయోగపడే మాట కాదు. అయితే వాళ్ల తప్పు మీ తప్పు కన్నా చిన్నదేం కాదు. బైకు కడిగిన నీళ్లలో నూనె, మట్టి రెండూ ఉంటాయి, ఆ మట్టే మీ నూనెని పట్టుకుని గడ్డ కట్టిస్తుంది. వాడిన ఇంజనాయిలు ప్రమాదకర వ్యర్థాల కిందకి వస్తుంది. అది బొట్టు కూడా కాలవలోకి పోకూడదు, అనుమతి ఉన్న రీసైక్లర్లకే ఇవ్వాలి. ఆ కుర్రాడితో ఓ టీ తాగుతూ మాట్లాడండి. అతనికి కావలసింది మట్టి దిగే తొట్టి, నూనె విడదీసే తొట్టి. మేస్త్రి ఎలాగూ వస్తున్నాడు, ఇద్దరూ కలిసి కట్టించుకుంటే కూలి తగ్గుతుంది. రేపు ఇన్‌స్పెక్టరు గారికి ఇద్దరూ కలిసి చూపిస్తే మీ మాటకి బరువు పెరుగుతుంది.

నరసన్నపేటలో బంగారం పని చేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకో మాట. ఆ పట్టికలో లోహాలకి వేరే వరసలున్నాయి. సీవర్ గడిలో కూడా రాగి 3, సీసం 1, సైనైడ్ 2 మిల్లీగ్రాములు దాటకూడదు, పాదరసం అయితే 0.01. నగ కడిగిన యాసిడ్ గిన్నె మోరీలో వంపడం మీ తాతల నాటి అలవాటే కావచ్చు, ఆ గిన్నెలో ఉన్నది మాత్రం శుద్ధి కేంద్రంలోని సూక్ష్మజీవులకే విషం.

మీ తమ్ముడి ల్యాబు విషయం. పెట్టుకోవచ్చు, కాకపోతే ఈ మెస్సు పైపుకి దాని పైపు కలపకూడదు. ఆసుపత్రులు, ల్యాబుల వ్యర్థాలకి 2016 నిబంధనలు విడిగా ఉన్నాయి. నేను మొదట చెప్పిన సంగతి అక్కడ దాపరికం లేకుండా రాసి ఉంది: చివర శుద్ధి కేంద్రం ఉన్న సీవర్‌కి కలిస్తే మామూలు పట్టిక, కేంద్రం లేని సీవర్‌కి కలిసినా, అసలు సీవరే లేకపోయినా కఠినమైన లెక్క. అంటే బీఓడీ 30, సీఓడీ (మురికికి పట్టే ప్రాణవాయువుని రసాయనాలతో కొలిచే లెక్క) 250, నలుసులు 100, నూనె 10. ఇవి కాక ఒక చేప పరీక్ష కూడా ఉంది. ఆ నీళ్లలో ఏమీ కలపకుండా చేపల్ని 96 గంటలు ఉంచితే నూటికి తొంభై బతకాలి. రక్త నమూనాలని అక్కడికక్కడే క్రిమిరహితం చేశాకే బయటికి పంపాలి, సింకులో వంపకూడదు. కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఆథరైజేషన్ తీసుకోవాలి, వ్యర్థాలు పట్టుకెళ్లే ఉమ్మడి కేంద్రంతో ఒప్పందం ఉండాలి. ఇవన్నీ చేతికి వచ్చాకే అద్దె అగ్రిమెంటు రాయమనండి. నోటీసు నడుస్తున్న భవనంలో కొత్త కనెక్షన్ అడగడం ఇప్పుడైతే తెలివైన పని కాదు. రెండు నెలలు ఆగితే నష్టం లేదు.

మీకు కూడా మండలి అనుమతి కావాలా అని అడగలేదు గానీ చెబుతాను. 1974 నీటి చట్టం 25వ సెక్షన్ ప్రకారం, వాడిన నీళ్లని నదిలోకి, బావిలోకి, సీవర్‌లోకి, నేల మీదకి వదిలే వ్యాపారాలకి మండలి సమ్మతి ఉండాలి. వ్యాపారాలని ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు లాంటి రంగులుగా విడగొట్టారు. తెలుపులో పడితే తెలియజేస్తే చాలు. మీ మెస్సు ఏ రంగులో పడుతుందో ప్రాంతీయ కార్యాలయంలో అడిగి, చెప్పిందాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక సంజాయిషీ. ఏడు రోజులు పూర్తయ్యేదాకా ఆగకండి, ఐదో రోజుకే ఇచ్చేయండి. పెద్దగా రాయక్కర్లేదు: "ఫలానా తేదీ నోటీసు అందింది. మా వంటింటి నీళ్లు నేరుగా కాలవలో కలుస్తున్న మాట నిజం. గంజి, ఆహార వ్యర్థాలు వేరు చేయడం ఈ తేదీ నుంచి మొదలుపెట్టాం. గ్రీజు ట్రాప్ ముప్పై రోజుల్లో కట్టిస్తాం. పూర్తయ్యాక తనిఖీ చేయవలసిందిగా, కాలవలో పూడిక కూడా తీయించవలసిందిగా కోరుతున్నాం." అంతే. పూడిక తీయడం వాళ్ల బాధ్యత, ఆ మాట మర్యాదగా అడగడంలో తప్పు లేదు. డ్రమ్ము ఫోటో, తవ్విన గుంత ఫోటో జత చేయండి. మీ కాపీ మీద ఇన్‌వార్డు స్టాంపు వేయించుకోకుండా ఆఫీసు నుంచి బయటికి రాకండి. "తప్పు ఒప్పుకుంటే ఇరుక్కుంటాం" అని పక్కవాళ్లు భయపెడతారు. వాసన వచ్చే కాలవ ముందు నిలబడి "మా నీళ్లు కావు" అని రాసినవాళ్లు ఎలా ఇరుక్కున్నారో నేను చూశాను. చేస్తున్న పని, దానికి తేదీ రాసినవాళ్లకి సాధారణంగా గడువు దొరుకుతుంది.

ఒక్క సంగతి మర్చిపోబోయాను. ఆ తొట్టికి మేస్త్రి సిమెంటు పలక మూత వేస్తానంటాడు, ఒప్పుకోకండి. దాన్ని ఎత్తడానికి ఇద్దరు కావాలి, అందుకని ఆర్నెల్లయినా ఎవరూ ఎత్తరు. ఇనుప రేకు మూత, రెండు ముక్కలుగా, పిడి పెట్టించి చేయించండి. పాత్రలు తోమే అమ్మాయి ఒక్కతే ఒక చేత్తో తీయగలగాలి.